అమెరికాలో తాగి కారు నడిపిన కేసు: అరెస్టు రికార్డు ఎక్కడ, కోర్టు రికార్డు ఎక్కడ?

మీరు అడిగింది ఇది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్న మీ తమ్ముడిని 2022 చివర్లో తాగి కారు నడిపాడని పోలీసులు ఆపారు. ఒక రాత్రి జైల్లో ఉంచి వదిలేశారు. కొన్ని నెలల తర్వాత లాయర్ ఫోన్ చేసి ‘కేసు ఇక లేదు’ అన్నాడు. ఇప్పుడు హెచ్‌1బీ స్టాంపింగ్‌కి హైదరాబాద్ రావాలి, చేతిలో ఒక్క కాగితం లేదు. నెట్‌లో చూస్తే, పేరు కొడితే చాలు మొత్తం రికార్డు ఇస్తామంటూ డబ్బు అడిగే సైట్లు కనిపించాయి. అవి కొనుక్కోవాలా, అసలు రికార్డు ఎక్కడ దొరుకుతుంది, అది ఇంకెవరెవరికి కనిపిస్తుంది?

డాలస్ ప్రాంతంలో ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పనిచేస్తాను. నేను లాయర్‌ని కాదు. ఇలాంటి కేసుల్లో కోర్టుల నుంచి, పోలీసుల నుంచి కాగితాలు తెప్పించడం నా పని. అందుకే ముందే చెబుతున్నా, ఆ సైట్లకు డబ్బు కట్టకండి. వాళ్లిచ్చేది ఎక్కడెక్కడి నుంచో పోగుచేసిన సమాచారం. దాని మీద కోర్టు ముద్ర ఉండదు, కేసు చివరికి ఏమైందో చాలాసార్లు అందులో ఉండనే ఉండదు. కాన్సులేట్‌లో ఆ కాగితానికి విలువ లేదు.

ముఖ్యంగా అర్థం చేసుకోవలసింది, అరెస్టు రికార్డు, కోర్టు రికార్డు వేరువేరు ఆఫీసుల్లో ఉంటాయి. అరెస్టు రికార్డు పోలీసుల దగ్గరా, జైలు నడిపే కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్ దగ్గరా ఉంటుంది. వేలిముద్రలు తీసుకున్నారు కాబట్టి రాష్ట్ర పోలీసు శాఖకూ, ఎఫ్‌బీఐకీ కూడా వెళ్తుంది. కేసు ఏమైందన్నది కోర్టు క్లర్క్ దగ్గర ఉంటుంది. కోర్టులో కేసు ముగిసిన సంగతి ఎఫ్‌బీఐ రికార్డులో ఎక్కకపోవడం మామూలే. వీసా ఆఫీసర్‌కి తెర మీద అరెస్టు ఒక్కటే కనిపిస్తుంది. దాని ముగింపును కాగితం రూపంలో చూపించాల్సింది మీ తమ్ముడే.

ఇక వెతకడం. మొదట తేల్చుకోవాల్సింది ఎక్కడ ఆపారన్నది. ఎక్కడ ఉంటాడన్నది లెక్కలోకి రాదు. అమెరికాలో ఇలాంటి కేసులన్నిటినీ ఒకేచోట చూపించే ప్రభుత్వ వెబ్‌సైట్ లేదు. టెక్సాస్‌లో ప్రతి కౌంటీదీ దాని దారి. ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో ఉంది. ఒకే ఊళ్లో రోడ్డుకి ఈ పక్క ఆపితే ఒక కోర్టు, ఆ పక్క ఆపితే ఇంకో కోర్టు. ఇర్వింగ్‌లో పార్టీకి వెళ్లి వస్తూ దొరికితే అది డాలస్ కౌంటీ. బెయిల్ కాగితం గానీ, జైలు నుంచి వదిలినప్పుడు ఇచ్చిన రసీదు గానీ, లాయర్‌తో చేసుకున్న ఒప్పందం గానీ ఇంట్లో ఉంటే కౌంటీ పేరు, కేసు నంబరు దాని మీదే ఉంటాయి. అవేవీ లేకపోతే పాత ఈమెయిళ్లలో లాయర్ పేరుతో వెతకమనండి. ముందు ఆ లాయర్ ఆఫీసుకే ఫోన్ చేయడం ఇంకా మంచిది. ఫైలు వాళ్ల దగ్గర ఉండే అవకాశం ఎక్కువ.

టెక్సాస్ చట్టంలో ఈ నేరం పేరు డీడబ్ల్యూఐ. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే కేసు. మొదటిసారి అయితే క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న నేరం), 0.15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే క్లాస్ ఎ. ఇది తెలిసి ఉంటే ఏ కిటికీ దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది. మిస్‌డిమీనర్ కేసుల ఫైళ్లు మామూలుగా కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. కాలిన్‌కి మెకిన్నీలో, డెంటన్‌కి డెంటన్ ఊళ్లో. పెద్ద నేరాల ఫైళ్లు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో మాత్రం చిన్న కేసులైనా పెద్ద కేసులైనా డిస్ట్రిక్ట్ క్లర్కే చూస్తారు. అక్కడ కౌంటీ క్లర్క్‌ని అడిగితే మా దగ్గర లేదంటారు. దాన్ని విని రికార్డే లేదనుకుని ఊరుకున్నవాళ్లను చూశాను.

ఈ కౌంటీల వెబ్‌సైట్లలో కోర్టు రికార్డులు వెతికే పేజీ ఉంటుంది. చూడటం ఉచితం. కేసు నంబరు ఉంటే వెంటనే దొరుకుతుంది. పేరుతో వెతకాల్సి వస్తే మాత్రం మన పేర్లతో ఇబ్బంది ఉంది, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లకి అమెరికా వీసాలో పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది, అదే లైసెన్సులోకీ, అక్కడి నుంచి జైలు రిజిస్టరులోకీ ఎక్కుతుంది. ఇంకొందరికి రెండు ముక్కల పేరులో మొదటిది పేరుగా, రెండోది మిడిల్ నేమ్‌గా విడిపోతుంది. ఇంటిపేరు, పేరు తారుమారవుతాయి. అర్ధరాత్రి జైల్లో టైపు చేసే మనిషికి మన పేర్లు కొత్త. ఒక అక్షరం ఎగిరిపోతుంది, ‘హెచ్’ ఒకటి అదనంగా చేరుతుంది. కనుక మొత్తం పేరు ఒక్కసారి కొట్టి ఏమీ రాలేదని వదిలేయకండి. ఇంటిపేరు ఒక్కటే వేసి చూడండి. పేరునే ఇంటిపేరు గడిలో పెట్టి చూడండి. ఎఫ్‌ఎన్‌యూ వేసి చూడండి. మొదటి మూడు నాలుగు అక్షరాలతో వెతకనిస్తే అలా చూడండి. దొరికినప్పుడు పుట్టినతేదీ, అరెస్టయిన తేదీ రెండూ సరిపోయాయో లేదో చూడండి. రెడ్డి, రావు, కుమార్ పేర్లతో ఒకే కౌంటీలో పదిమంది ఉంటారు. వేరే మనిషి కేసు చూసి కంగారు పడొద్దు.

కేసు దొరికాక తెర మీద ఒక చిన్న పట్టిక కనిపిస్తుంది: ఏ నేరం, ఏ తేదీన దాఖలు, చివరికి ఏమైంది. ఇక్కడ చాలా జాగ్రత్తగా చదవాలి. లాయర్ ‘కేసు ఇక లేదు’ అన్నాడంటే దాని వెనక రెండు మూడు రకాల ముగింపులు ఉండవచ్చు. నిజంగానే ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరించుకుని జడ్జి కొట్టేసి ఉండవచ్చు. లేదా డీడబ్ల్యూఐ కొట్టేసి, దాని బదులు రోడ్డుకు అడ్డంకి కలిగించడం అనే చిన్న నేరం ఒప్పుకుని ఉండవచ్చు. టెక్సాస్‌లో ఇది బాగా వాడుకలో ఉన్న ఒప్పందం. లేదా డిఫర్డ్ అడ్జుడికేషన్ అయి ఉండవచ్చు. అంటే నేరం ఒప్పుకున్నాక, జడ్జి నేర నిర్ధారణ చేయకుండా కొంతకాలం ప్రొబేషన్ (షరతులతో కూడిన పర్యవేక్షణ) పెట్టి, అది పూర్తయ్యాక కేసు మూసేయడం. 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారి దొరికి, 0.15 లోపు ఉన్నవాళ్లకి డీడబ్ల్యూఐలో కూడా ఇది దొరుకుతోంది. టెక్సాస్ లెక్కలో ఇది శిక్ష పడినట్టు కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్క వేరు. నేరం ఒప్పుకుని, దాని మీద జడ్జి ఏదో ఒక ఆంక్ష పెట్టి ఉంటే ఇమ్మిగ్రేషన్ దృష్టిలో అది కన్విక్షనే. మీ తమ్ముడు నమ్మకంగా ‘డిస్మిస్ అయింది’ అని ఫారంలో రాస్తే, కాగితం ఇంకోటి చెబితే, అసలు కేసు కన్నా అది పెద్ద చిక్కు. అందుకే ఫోన్‌లో విన్న మాట మీద ఫారం నింపొద్దని అందరికీ చెబుతుంటాను.

కాబట్టి తెర మీది పేజీని ప్రింట్ తీసుకుని సరిపెట్టుకోవద్దు. క్లర్క్ ఆఫీసుకి రాసి ముద్రతో సర్టిఫైడ్ కాపీలు తెప్పించుకోండి. కనీసం రెండు పత్రాలు కావాలి. ఒకటి అభియోగపత్రం, రెండోది కేసు ముగింపు ఉత్తర్వు, అంటే కొట్టివేత ఆర్డరు గానీ జడ్జిమెంటు గానీ. ప్రొబేషన్ ఉంటే అది పూర్తయిందన్న ఉత్తర్వు మూడోది. అమెరికాలో ఉన్న ఎవరైనా స్వయంగా వెళ్లి తీసుకోవచ్చు, చాలా కౌంటీల్లో పోస్టులోనూ తెప్పించుకోవచ్చు. పేజీకి ఇంతని ఫీజు ఉంటుంది, భరించలేనంత కాదు. ఒక్క సెట్టుతో ఆగకండి, మూడు నాలుగు తీసుకోండి. గ్రీన్‌కార్డు దరఖాస్తుకూ, తర్వాత సిటిజన్‌షిప్ దరఖాస్తుకూ మళ్లీ అడుగుతారు.

ఎంత వెతికినా కోర్టులో ఏమీ దొరకలేదనుకోండి. సంతోషపడే ముందు ఆలోచించాలి. టెక్సాస్‌లో ఇలాంటి మిస్‌డిమీనర్ మీద కేసు దాఖలు చేయడానికి ప్రాసిక్యూటర్‌కి రెండేళ్ల గడువు ఉంటుంది. రక్తపరీక్ష ఫలితం ల్యాబ్ నుంచి రావడానికే నెలలు పడుతుంది. అరెస్టయిన ఆరునెలలకి వెతికితే ఏమీ ఉండదు, తర్వాత ఒకరోజు కేసు నంబరు ప్రత్యక్షమవుతుంది. మీ తమ్ముడి విషయంలో రెండేళ్లు దాటిపోయాయి కాబట్టి ఇప్పటికీ కోర్టులో లేదంటే పేరు తప్పుగా ఎక్కి ఉండాలి, కౌంటీ వేరై ఉండాలి, రికార్డు చెరిపేసి ఉండాలి, లేదా అసలు కేసే దాఖలు కాలేదు. ఎప్పుడూ దాఖలు కాకపోతే కోర్టు ఉత్తర్వు ఉండదు. అప్పుడు ఆ పేరు, పుట్టినతేదీతో కేసేమీ లేదని క్లర్క్ దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలి. కేసు పెట్టలేదని జిల్లా అటార్నీ (ప్రాసిక్యూటర్) ఆఫీసు నుంచి లేఖ కూడా దొరికితే ఇంకా గట్టిగా ఉంటుంది.

అరెస్టు కాగితాలకు వస్తే, అరెస్టు చేసిన పోలీసు విభాగానికి టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద రాతపూర్వకంగా అడగాలి. మన దగ్గర సమాచార హక్కు దరఖాస్తు పెట్టినట్టే. నగరాల వెబ్‌సైట్లలో ఆన్‌లైన్ ఫారం ఉంటుంది. కేసు నడుస్తుంటే పోలీసులు పూర్తి నివేదిక ఇవ్వకుండా ఆపుకోవచ్చు. అయితే ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ, ఏ నేరం కింద అరెస్టు చేశారన్న ప్రాథమిక సమాచారాన్ని దాచడానికి ఆ చట్టం ఒప్పుకోదు. ఇవ్వడం ఇష్టంలేకపోతే పది పనిదినాల్లో రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయం అడగాలి. బాడీ కెమెరా వీడియో విషయం వేరే, దానికి వేరే నిబంధనలు ఉన్నాయి, వీసాకి అది అక్కర్లేదు కూడా. షెరీఫ్ వెబ్‌సైట్లో ఖైదీల జాబితా ఉంటుంది గానీ అది ఎక్కువగా ఇప్పుడు లోపల ఉన్నవాళ్ల కోసం.

రాష్ట్ర పోలీసు శాఖ డీపీఎస్‌కి ఒక వెబ్‌సైట్ ఉంది. కొద్దిపాటి ఫీజుతో ఎవరైనా ఎవరి పేరైనా వెతకవచ్చు. అందులో ప్రజలకు కనిపించేది శిక్ష పడిన కేసులు, డిఫర్డ్ అడ్జుడికేషన్ కేసులు. ఉత్త అరెస్టు అక్కడ కనిపించదు. అది చూసి రికార్డు శుభ్రంగా ఉందనుకోవడం సరికాదు. కాన్సులేట్ చూసేదానికి దగ్గరగా ఉండేది ఎఫ్‌బీఐ ఇచ్చే ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ. 18 డాలర్ల ఫీజు, వేలిముద్రలు పంపాలి. ఎవరిది వాళ్లే తీసుకోగలరు, మీరు ఇక్కడి నుంచి తమ్ముడిది తీయలేరు. స్టాంపింగ్‌కి బయల్దేరే ముందు దీన్ని తప్పకుండా తీయించండి. అందులో ఏముందో తెలిస్తేనే ఏం జవాబివ్వాలో తెలుస్తుంది.

డ్రైవింగ్ లైసెన్సుది మూడో ఫైలు. అది కోర్టుతో సంబంధం లేకుండా డీపీఎస్‌లో నడుస్తుంది. శ్వాస పరీక్షలో ఫెయిలైనా, పరీక్షకి ఒప్పుకోకపోయినా లైసెన్సు సస్పెన్షన్ నోటీసు ఇస్తారు. విచారణ కోరడానికి 15 రోజులే గడువు. మొదటిసారి అయితే ఫెయిలైనందుకు 90 రోజులు, నిరాకరించినందుకు 180 రోజులు. కోర్టు కేసు కొట్టేసినా ఈ సస్పెన్షన్ డ్రైవింగ్ రికార్డులో ఉండవచ్చు. ఇన్సూరెన్స్ ప్రీమియం ఎందుకు పెరిగిందో తెలియక అడిగేవాళ్లకి జవాబు సాధారణంగా ఇక్కడ దొరుకుతుంది.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. మేరీల్యాండ్‌లో పని తేలిక, రాష్ట్రం మొత్తానికీ ఉచితంగా వెతికే ఒకే పేజీ ఉంది. న్యూజెర్సీలో డీడబ్ల్యూఐ క్రిమినల్ నేరం కిందికే రాదు, మోటారు వాహనాల ఉల్లంఘన. ఎడిసన్‌లో ఆపితే ఎడిసన్ మున్సిపల్ కోర్టులో నడుస్తుంది. నేరం కాదు కాబట్టి మంచిదే కదా అనిపిస్తుంది గానీ, అదే కారణంగా ఆ శిక్షను రికార్డు నుంచి చెరిపించే వీలు కూడా లేదు. కాలిఫోర్నియాలో క్రిమినల్ కేసు పత్రాలను ఇంటి నుంచి తెరిచి చూడనివ్వరు. కోర్టుకి వెళ్లి అక్కడి కంప్యూటర్లో చూడాలి. పైగా 2021లో రివర్‌సైడ్ కౌంటీ కోర్టు మీద వచ్చిన అప్పీలు తీర్పు తర్వాత, పుట్టినతేదీతోనూ లైసెన్సు నంబరుతోనూ వెతికే సదుపాయం పోయింది. మన పేర్లకి అది ఇంకా కష్టం, కేసు నంబరు లేకుండా వెళ్లకపోవడమే మేలు. ఇక నేషనల్ పార్కులో గానీ మిలిటరీ స్థావరంలో గానీ ఆపి ఉంటే కౌంటీలో ఎంత వెతికినా దొరకదు, అది ఫెడరల్ కోర్టు వ్యవహారం.

వీసా సంగతి. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ పద్ధతి ఏమిటంటే, గత ఐదేళ్లలో తాగి నడిపిన అరెస్టు కనిపిస్తే, శిక్ష పడకపోయినా, పాస్‌పోర్టులో ఉన్న వీసాను రద్దు చేయవచ్చు. దాని కబురు ఈమెయిల్‌లో వస్తుంది. మీ తమ్ముడు పాత మెయిళ్లు, స్పామ్ ఫోల్డర్ కూడా వెతకాలి. వీసా రద్దయినంత మాత్రాన అమెరికాలో ఉద్యోగం చేసుకునే హోదా పోదు, బయటికి వెళ్తే మాత్రం కొత్త వీసా లేకుండా తిరిగి రాలేడు. దరఖాస్తు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టేసినా జవాబు అవును. ఐదేళ్లలో ఒక అరెస్టు ఉన్నా, పదేళ్లలో రెండు ఉన్నా, కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ దగ్గరికి పంపుతారు. మద్యం వ్యసనం ఉందా లేదా అని ఆయన చూస్తారు. దీనివల్ల వారాలు, ఒక్కోసారి నెలలు ఆలస్యమవుతుంది. మీ తమ్ముడి అరెస్టు 2022 చివర్లో కాబట్టి ఆ ఐదేళ్లు 2027 చివరిదాకా ఉంటాయి. సెలవు రెండు వారాలే పెట్టుకుని రావద్దని చెప్పండి. కొట్టేసిన కేసుని ఎవరు పట్టించుకుంటారులే అనేవాళ్లకి 2025 వసంతంలో విద్యార్థులకు జరిగింది గుర్తు చేయాలి. పోలీసు డేటాబేస్‌లో పేరు కనిపించిందని వేలమంది సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల హోదాను నమోదు చేసే ప్రభుత్వ రికార్డులు) రద్దు చేశారు. వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో పోరాడాక ఏప్రిల్ చివర్లో వెనక్కి తగ్గారు. ఆ రోజుల్లో సర్టిఫైడ్ కాపీ చేతిలో ఉన్న పిల్లలకీ, లేని పిల్లలకీ లాయర్ దగ్గర ఎంత తేడా వచ్చిందో దగ్గర్నుంచి చూశాను.

ఇంకెవరు చూడగలరని అడిగారు. కోర్టు రికార్డు చెరిపేయనంత కాలం ఎవరైనా చూడగలరు. ఉద్యోగం ఇచ్చే కంపెనీ బయటి ఏజెన్సీతో చూపించాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. శిక్ష పడని అరెస్టులను ఏడేళ్లు దాటాక ఆ ఏజెన్సీలు చెప్పకూడదు. అయితే ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన జీతమున్న ఉద్యోగాలకి ఫెడరల్ చట్టంలోని ఆ పరిమితి వర్తించదు. మన ఐటీ ఉద్యోగాలు చాలావరకు అందులోకే వస్తాయి.

మన ఊళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఇంకో ప్రశ్న పెళ్లి సంబంధాల గురించి. అమెరికా అబ్బాయి మీద కేసులేమైనా ఉన్నాయేమో చూసిపెట్టమంటారు. అమ్మాయి తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది, చూడటం తప్పు కాదు. కానీ పుట్టినతేదీ కలవకుండా పేరు ఒక్కటే చూసి సంబంధం వదులుకోవద్దు. దొరికినా అరెస్టు దగ్గర ఆగిపోకుండా ముగింపు దాకా చదవండి, ఆ తర్వాత అబ్బాయినే నేరుగా అడగండి. అతని జవాబుకీ కాగితానికీ పొంతన ఉందో లేదో చూస్తే మీకు కావలసింది తెలుస్తుంది. ఆ పేజీని వాట్సాప్ గ్రూపుల్లో పంచడం మాత్రం దయచేసి చేయకండి.

చివరిగా ఒక జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. టెక్సాస్‌లో కేసు కొట్టేసినంత మాత్రాన రికార్డు దానంతట అదే చెరిగిపోదు, చెరిపించడానికి వేరే పిటిషన్ వేయాలి. అర్హత ఉంటే వేయించండి, ఉత్తర్వు వచ్చాక నెట్ సైట్లు కూడా ఆ సమాచారం ప్రచురించకూడదు. అయితే ఆ పిటిషన్ వేసే ముందే సర్టిఫైడ్ కాపీలు చేతిలో ఉండాలి. చెరిపేశాక క్లర్క్ దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలదు, అక్కడ అలాంటి కేసే లేదంటారు. ఎఫ్‌బీఐ పాత సమాచారం కాన్సులేట్ దగ్గర అప్పటికే ఉండవచ్చు. రికార్డు చెరిపేసినా ఇమ్మిగ్రేషన్ ఫారాల్లో అరెస్టు చెప్పి తీరాలి, రుజువు చూపించే బాధ్యత కూడా మీ తమ్ముడిదే. అందుకని తమ్ముడిని ఈ వారం లాయర్ ఆఫీసుకి ఫోన్ చేసి కేసు నంబరు, కౌంటీ కనుక్కోమనండి. వచ్చే వారం క్లర్క్‌కి కాపీల కోసం రాయమనండి, వేలిముద్రలు ఎఫ్‌బీఐకి పంపమనండి. ఇవి వచ్చాక క్రిమినల్ లాయర్‌తో కాకుండా ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి కూర్చుని, ఆ తర్వాతే హైదరాబాద్‌కి టికెట్ బుక్ చేసుకోమనండి. కౌంటీ ఏదో తెలిశాక ఇక్కడ రాయండి, ఆ కౌంటీలో ఏ ఆఫీసుకి ఏ ఫారం పంపాలో చెబుతాను. పేరు, కేసు నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి.